పేరెత్తని పెద్దాయన

అండమాన్‌లో ఇంటర్న్‌షిప్‌కి వెళ్లిన మొదటి వారం. మడ అడవి కాలువలో పడవ మీద తిరుగుతూ, బురద గట్టున ఎండ కాగే మొసళ్లను లెక్కపెట్టి కాగితం మీద రాసుకోవడం నా పని. పడవ నడిపేది అప్పన్న. ఆయన తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఆ దీవిలో స్థిరపడ్డారట. అంత దూరంలో తెలుగు వినపడేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది.

"మొసళ్లు యాడుండాయన్నా?" అని గట్టిగా అడిగాను.

ఆయన తెడ్డు వేయడం ఆపేశాడు. "నీటి మీదుండగా ఆ పేరెత్తకూడదమ్మా. పెద్దాయనంటే సాలు."

నవ్వబోయి ఆగిపోయాను. కుప్పం దగ్గర మా చేలోకి ఏనుగులు వస్తాయి. రాగి చేనంతా తొక్కేసిపోయిన పొద్దున కూడా మా అవ్వ నోట ఏనుగు అన్న మాట రాదు. "సామి వచ్చి పోయినాడు" అంటుంది. డిగ్రీలో చేరాక ఆ మాటకు ఆమెను ఎన్నిసార్లు ఎగతాళి చేశానో.

కాసేపటికి అప్పన్న గడ్డం ఎత్తి గట్టు వైపు చూపించాడు. మా పడవంత పొడవుంది, కదలకుండా పడుకుని. కాగితం మీద ఒకటి అని వేసుకున్నాను.

సాయంత్రం అవ్వ ఫోన్ చేసింది. "అంత దూరం పోయి ఏం జంతువును సూస్తాండావమ్మా?"

నేను గదిలోనే ఉన్నాను. కాలువ ఎక్కడో ఉంది. అయినా ఆ పేరు చెప్పడానికి నోరు రాలేదు.

"ఈడ గూడా ఒక సామి ఉండాడవ్వా."

అవ్వ ఏ సామి అని అడగలేదు. "అట్లయితే ఆయన దోవకు అడ్డం పోవాకు" అంది.