నేను తుడిచిన ఓట్స్ ప్యాకెట్లు

ఆ రోజుల్లో అని మొదలుపెడితే మీరంతా నేను పరికిణీ కట్టుకున్న కాలం అనుకుంటారు. కాదు, నేను చెప్పేది మొన్నమొన్నటి మాట. మనిషిగా నా చిన్నతనం ఎప్పుడో అయిపోయింది గానీ, ఉద్యోగస్తురాలిగా నా చిన్నతనం యాభై ఆరో ఏట, ఐర్లండులో కార్క్ ఊరి బయట ఓట్స్ ప్యాకెట్లు కట్టే ఫ్యాక్టరీలో మొదలైంది. మొదటి ఉద్యోగంలో కుర్రాళ్లు చేసే తెలివితక్కువ పనులన్నీ నేనూ చేశాను. వాళ్లకైతే వయసు అలాంటిది అని సర్దిచెప్పేవాళ్లుంటారు. నాకు ఆ సాకు కూడా లేదు.

అంతకు ముందు మా ఆయన ఇక్కడే ఒక హోటల్లో వంట చేసేవాడు, నేను ఇల్లు చూసుకునేదాన్ని. పొయ్యి దగ్గర నిలబడి నిలబడి ఆయన మోకాళ్లు అరిగిపోయాక ఇంటి అద్దె నా మీద పడింది. అప్పటికి నాకు అక్షరాలు వచ్చి ఎంతో కాలం కాలేదు. తెలుగు మా ఇంట్లో ఓ గదిలో అద్దెకున్న యూనివర్సిటీ పిల్ల నేర్పింది. ఇంగ్లీషు లైబ్రరీలో సాయంత్రం క్లాసుకు వెళ్లి నేర్చుకున్నాను. ఆలస్యంగా చదువొచ్చిన వాళ్లకు ఒక జబ్బు ఉంటుంది. చిన్నప్పుడు బడికెళ్లినవాళ్లు అచ్చులో కనపడ్డదాన్ని నమ్మేస్తారు. మేం అలా కాదు, చదివిన ప్రతి ముక్కతోనూ పోట్లాటకు దిగుతాం.

నా పని లీకులు చూడటం. ఒక గాజు తొట్టె, దాన్నిండా నీళ్లు, పైన బిగించే మూత. గంటకోసారి లైను మీంచి కొన్ని ప్యాకెట్లు తెచ్చి, నీళ్లలో ముంచి, మూత బిగించి మీట నొక్కితే తొట్టెలోని గాలిని పంపు లాగేస్తుంది. ప్యాకెట్ పూరీలా ఉబ్బుతుంది. అంచు ఎక్కడైనా సరిగా అతుక్కోకపోతే అక్కడినుంచి సన్నగా బుడగలు వరస కడతాయి. బుడగ కనపడితే లైను ఆపించాలి. ఈ పని నేర్పింది మా సూపర్‌వైజరు. మహా పొడుగు మనిషి, సన్నటి మెడ. నీళ్ల మీదికి వంగి చూసే తీరు చూసి నేను కొంగ అని పేరు పెట్టుకున్నాను (ఆయనకు తెలుగు రాదు కాబట్టి ముఖం మీదే అనేదాన్ని). మంచివాడు. అన్నిటికీ గ్రాండ్ అంటాడు, అంటే ఇక్కడివాళ్ల మాటలో బాగుందని. ఆర్నెల్ల ట్రయల్ అయ్యాక నన్ను ఉంచాలో ఇంటికి పంపాలో చెప్పేది ఆయనే.

పరీక్ష చేసిన ప్యాకెట్లన్నీ పారేయాలి అని తొట్టె పైన గోడకు అతికించిన కాగితంలో రాసి ఉంది. నేను చదవలేదని కాదు. వేలు పెట్టి మరీ చదివాను. ఒప్పుకోలేదు, అంతే. బుడగలొచ్చినదాన్ని పారేయమంటే అర్థం ఉంది. నీళ్లలో మునిగి, గాలి లాగేసినా నోరు విప్పనిదాన్ని చెత్తలో వేయటమేమిటి? ఫెయిలైనా చెత్తే, పాసైనా చెత్తే అయితే పరీక్ష ఎవరి కోసం? (ఆ మధ్యే లైబ్రరీవాళ్లు పెట్టిన ఇంగ్లీషు పరీక్షలో గట్టెక్కాను, అందుకని పాసైనవాళ్ల పక్షమే నాది.) అయినా నెలల తరబడి పళ్లు బిగబట్టి పారేశాను. సరిగ్గా ట్రయల్ చివరి వారంలో ఇక నావల్ల కాలేదు.

పొద్దున్నే నూలు తుండు ఒకటి మడిచి సంచిలో పెట్టుకుంటుంటే మా ఆయన కుర్చీలోంచి చూశాడు.

"ఏమే, తుండెక్కడికి?"

"పనికి."

"పనికి తుండేమిటే? ప్యాకెట్లను ముంచమన్నారా, నిన్నే మునగమన్నారా?"

"మీరు మీ మోకాళ్ల సంగతి చూసుకోండి" అని బస్సెక్కాను.

ఆ రోజు పాసైన ప్రతి ప్యాకెట్‌నూ, తలంటిన చంటిబిడ్డను తుడిచినట్టు నాలుగంచులా ఒత్తి తుడిచాను. గోడవార వేడిగొట్టం మీద ఆరబెట్టి, ఎవరూ చూడనప్పుడు తిరిగి లైను మీద పెట్టాను. ప్రాణం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. టీ తాగి వచ్చేసరికి లైను ఆగిపోయి ఉంది. అట్టపెట్టెల్లో కొన్ని ప్యాకెట్ల మీద తేదీ చెరిగిపోయి కనపడిందట. మెకానిక్కులిద్దరు తేదీ కొట్టే మిషన్ పొట్ట విప్పి, మరలన్నీ నేల మీద పరిచి, దాని అమ్మనీ అబ్బనీ తిడుతున్నారు. కొంగ మెడ చాచి చూస్తున్నాడు. పాపం, మూగ మిషన్. చూస్తూ ఊరుకోలేకపోయాను.

"దాన్ని వదిలేయండి నాయనా, దానికి ఏ రోగమూ లేదు. అవి నేను తుడిచినవి" అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో.

కొంగ నెమ్మదిగా నా వైపు తిరిగాడు. "వేటిని తుడిచావు?"

"పాసైనవాటిని."

"అన్నిటినీ?"

"కొన్నిటినే ఎందుకు తుడుస్తాను?"

తేదీ చెరిగినవి నాలుగైదే. మిగతావి ఎంత శుభ్రంగా తుడిచానంటే, ఏవి మునిగినవో ఏవి కావో ఆ ఫ్యాక్టరీలో ఎవరూ పోల్చుకోలేకపోయారు. దాంతో ఆ పూట కట్టిన సరుకంతా పారేయాల్సి వచ్చింది. గుప్పెడు ప్యాకెట్లు కాపాడబోయి, గది నిండా ఉన్న ఓట్స్‌ను నా చేతులతోనే చెత్తలో పోశాను. కొంగ కూడా కోటు విప్పి పక్కన నిలబడి పోశాడు. ఆ సాయంత్రం ఒక్కసారి కూడా గ్రాండ్ అనలేదు. నా ఉద్యోగం అయిపోయిందని నాకు తెలిసిపోయింది. ఇంటికెళ్లి మోకాళ్ల మనిషికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తూనే, నోరు ఊరుకోక కొంగను అడిగాను.

"పాసైనదాన్ని ఎందుకు పారేయాలి? అది చెప్పు."

"గాలి లాగి అంత ఉబ్బించాం కదా, అంచు అలిసిపోయి ఉంటుంది. ఇవాళ పట్టుకునే ఉంటుంది, అంగట్లో ఎప్పుడో వదిలేస్తుంది. అది పాసైందంటే, మునగకుండా వెళ్లిపోయిన మిగతావన్నీ బాగున్నట్టు. పరీక్ష వాటి కోసం."

"అంటే మునిగింది ఇది, పేరు వాటికి."

కొంగ చేతిలో ఉన్న పెట్టెను చెత్తలో బోర్లించాడు. "అంతే మరి" అన్నాడు. తర్వాత, "నువ్వు చెప్పకపోతే మిషన్ పాడైందని రాసేసి ఇంటికి పోయేవాళ్లం. నిన్నెవరూ అడగలేదు, అయినా చెప్పావు. లీకులు చూసే మనిషికి నోరుండాలి, నీకుంది. సోమవారం రా. తుండు మాత్రం ఇంట్లో పెట్టు."

సోమవారం వెళ్లాను. ఇప్పటికీ వెళ్తున్నాను. కాగితంలో ఉన్నట్టే అన్నీ పారేస్తున్నాను. ఆయన చెప్పింది నా బుర్రకు ఎక్కింది గానీ చేతికి ఎక్కలేదు. అందుకని బుడగ రాని ప్యాకెట్‌ను డబ్బాలో వేసేముందు దాని వీపు మీద మెల్లగా ఒకసారి తట్టి వేస్తాను. ఈ మధ్య పక్క తొట్టె దగ్గరికి బ్రెజిల్ ఆవిడ ఒకామె వస్తే పని నేర్పమని నాకే అప్పగించారు. మొన్న చూద్దును కదా, ఆవిడ కూడా ప్యాకెట్ పైకి తీసి, అంచులు చూసి, వీపు మీద ఒక్కసారి తట్టి మరీ డబ్బాలో వేస్తోంది. ముఖంలో ఎంత శ్రద్ధో. అది పరీక్షలో భాగమనుకుంది కాబోలు. చెబుదామని నోరు తెరిచి, ఎందుకో ఈసారి ఊరుకున్నాను.