కడగని వేలు

ఏళ్లుగా నేను మోస్తున్న బరువు రెండే మాటలు. "కడిగిన సార్." అది అబద్ధం.

అప్పుడు నేను సూర్యాపేటలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సుని. ఒక పొద్దున పాలకీడు నుంచి ఒక ముసలమ్మ మనవరాలిని ఎత్తుకొచ్చింది. ఐదేళ్ల పిల్ల. కుడి చెయ్యి, కుడి కాలు కదలడం లేదు. పిలిస్తే పలకడం లేదు. వాంతులవుతున్నాయని ముందు రోజంతా ఏమీ పెట్టలేదట. లంఖణం పరమౌషధమని మనవాళ్లకు ఒకరు నేర్పాలా? చివరికి భయపడి, కదిలే ఎడమ చేతిలో పటికబెల్లం ముక్క పెట్టింది. పిల్ల తినలేదు. అది గుప్పిట్లోనే కరిగిపోయింది.

పక్షవాతంలా కనిపించినా పిల్లల్లో ముందు షుగర్ చూడాలి. షుగర్ బాగా పడిపోయినా చెయ్యీ కాలూ అలాగే పడిపోతాయి. వెంటనే గ్లూకోజ్ ఎక్కిస్తే చాలామంది తేరుకుంటారు. వేలికి తీపి అంటి ఉంటే మిషన్ ఎక్కువ చూపిస్తుంది. ఇదంతా నాకు తెలుసు. తెలిసే ఆ జిగట వేలిని కడగకుండా పొడిచాను. ఎందుకు? బయట జనం ఉన్నారనీ, కుళాయి అవతల గదిలో ఉందనీ ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను కానీ, నిజానికి నాకు బద్ధకమేసింది, అంతే. నార్మల్ వచ్చింది.

డాక్టర్ మిషన్ చూసి అడిగారు.

"చెయ్యి కడిగినంకనే చూసినవా?"

"కడిగిన సార్."

"అయితే షుగర్ కాదు. మెదడుదే. హైదరాబాద్ తీస్కపొమ్మను."

నకిరేకల్ దాటాక పిల్లకు ఫిట్స్ వచ్చాయి. అంబులెన్స్‌లో మళ్లీ చూస్తే షుగర్ అట్టడుగున ఉందని ఫోన్ వచ్చింది. దారిలో పడిపోయినట్టుందన్నారు డాక్టర్. నేను తల ఊపాను. పిల్ల బతికింది. కుడి చెయ్యి మాత్రం పూర్తిగా రాలేదు. నింద మొత్తం పస్తు పెట్టిన నాయనమ్మ మీద పడింది. కోడలు చాలాకాలం ఆమె చేతి నీళ్లు కూడా తాగలేదట.

ఇప్పుడు మిర్యాలగూడలో పనిచేస్తున్నాను. మొన్న ఆ ముసలమ్మే పిల్లకు జ్వరమని తీసుకొచ్చింది. నన్ను గుర్తుపట్టింది.

"నీ చెయ్యి మంచిది బిడ్డా, నువ్వే సూడు. అప్పుడు నేనే కడుపు మాడ్చి దీని చెయ్యి పడగొట్టుకున్న."

పిల్లను కుళాయి దగ్గరికి తీసుకెళ్లాను. ముడుచుకున్న ఆ కుడిచేతి వేళ్లను ఒక్కొక్కటీ విప్పి సబ్బుతో కడిగాను. నీ ఒక్కదాని తప్పు కాదమ్మా అనాలనిపించింది. అనలేదు. అప్పుడే కడిగి ఉంటే ఈ చెయ్యి దక్కేదా? దక్కేదేమో. ఎవరూ తేల్చలేని ఆ 'ఏమో' చాటునే ఇన్నాళ్లూ దాక్కున్నాను.

ఆమెతో చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. మీతో మాత్రం చెప్పగలిగాను, కాస్త ఊపిరాడుతోంది. ఆ రోజు నేను చెయ్యి కడగలేదు.