జనగామ వంతెన మీద ఆరు నిమిషాలు

మహబూబాబాద్ నుంచి జనగామకు ఇరవై రెండేళ్లు మంత్లీ పాస్‌తో వచ్చి మా బడిలో లెక్కలు చెప్పిన మనిషి మాన్‌సింగ్ సారు. మరిపెడ దగ్గరి తండాలో పుట్టి, పదిహేనేళ్లకు గాని రైలును చూడలేదు. ఆ తర్వాత దాన్ని వదిలింది లేదు.

రిటైరయ్యాక భార్య తుల్సీబాయితో జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ రైళ్లలో తిరగాలనుకున్నాడు. భూపాలపల్లిలో ఉంటూ చెల్పూర్ కరెంటు ప్లాంటులో పనిచేసే బిడ్డ రజిత, మూడు దేశాల్లోనూ చెల్లే రైలు పాసులు ఇద్దరికీ కొనిచ్చింది. సారు రెండు నెలలు కూర్చుని నోటుబుక్కు నిండా టైములు రాశాడు. పద్నాలుగు చోట్ల బండి మారాలి. ఒకచోట మారడానికి ఆరే నిమిషాలు. తుల్సీబాయికి మోకాళ్ల నొప్పులు. ఆమె లేకుండా సారు పోడు.

అందుకని జనగామ స్టేషన్లో, వంతెనెక్కి ఒక ప్లాట్‌ఫారం నుంచి ఇంకోదానికి ఆరు నిమిషాల్లో చేరే ప్రాక్టీసు పెట్టాడు. సూట్‌కేసుల్లో బరువు కోసం బియ్యం నింపుకొచ్చాడు. బడిలో ఆయనతో కలిసి పాఠాలు చెప్పిన నాకు టైము చూసే పని అప్పగించాడు. వంతెన ఎక్కుతుండగా ఒక సూట్‌కేసు జిప్పు పగిలి బియ్యం మెట్ల మీదుగా జారింది. అప్పుడే ఎదురొచ్చిన పాత విద్యార్థి నమస్తే పెట్టి, "ఊరు ఇడిసి పోతున్నరా సార్?" అని ఎంతో బాధగా అడిగాడు. సారు మోకాళ్ల మీద కూర్చుని, ఏ సిగ్గూ లేకుండా బియ్యం తువ్వాలలోకి ఎత్తాడు. ఆ ఎత్తిన టైము తీసేసినా లెక్క పదకొండు నిమిషాలు తేలింది.

తుల్సీబాయి బెంచీ మీద కూలబడింది.

"నువ్వొక్కనివే పోయి రా. నాతోని గాదు."

సారు నోటుబుక్కు మూసి సంచిలో పెట్టబోయాడు. ఆమె అతని మొహం చూసింది.

"గా బండి తప్పితే ఏమైతది?"

"ఏమైతది, పోతది."

"పాసు గూడ పోతదా?"

సారు నోటుబుక్కు మళ్లీ తెరిచాడు.

"ఇరవై రెండేండ్లల్ల ఒక్కనాడన్న చెప్పిన బండికి ఇంటికొచ్చినవా? పాసున్నది, ఎనక బండికొచ్చిన అంటివి. గా పాసుకు ఎనక బండి ఉండదా?"

రజితకు ఫోను చేశాడు. ఆ దారిలో సీటు రిజర్వేషన్ అక్కర్లేదనీ, గంటకో బండి ఉంటుందనీ, ఏదైనా ఎక్కొచ్చనీ చెప్పింది. ఫోన్లో ఆమె నవ్వు నాకూ వినిపించింది. నేనూ నవ్వాను. సారు నా వైపు బోర్డు ముందు నిలబెట్టిన పిల్లవాణ్ణి చూసినట్టు చూశాడు.

వేలమంది పిల్లల లెక్కలు దిద్దిన ఆయన, జేబులోంచి ఎర్రపెన్ను తీసి తన పేజీకి తానే అడ్డంగా గీత కొట్టుకున్నాడు. అంత తేలిగ్గా తప్పు ఒప్పుకున్న లెక్కల సారును నేను ఇంకొకరిని చూడలేదు.

"అట్లయితే నేను వస్త," అంది తుల్సీబాయి. "టైములు తర్వాత రాద్దువు. ముందు కూసునే బెంచీలు ఏడున్నయో రాయి."

సారు కొత్త పేజీ తిప్పి, బెంచీల కోసం ఒక గడి గీశాడు.