చెరొక మాత్ర

గూడూరు నుంచి నెల్లూరులోని మా ఆస్పత్రికి వచ్చే ప్రేమలీలక్క మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆ కోపం తగ్గితే ఏడుపొస్తుంది, అందుకని తగ్గనివ్వను.

పదిహేనో ఏట మైకా షెడ్డులో చేరింది. రాయిని కత్తితో రేకులుగా చీల్చే పని, పక్కనే పొడి కొట్టే మిషను. ఒక్కో కుప్పకు ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. ఆమెకు ఎదురు మనిషి కామాక్షమ్మ. ముప్పై ఏళ్లు ఒకే కుప్ప. అక్కడొక పద్ధతి ఉండేది. కుప్ప పంచుకున్నవాళ్లు టీ అయినా, అన్నమైనా, చివరికి తలనొప్పి మాత్రయినా చెరిసగం చేసుకోవాల్సిందే. ఒక్కతే తింటే మిగతావాళ్లు నెలరోజులు ఏడిపించేవాళ్లు. దుమ్మూ అలాగే పంచుకున్నారు. ఇప్పుడు ఇద్దరి ఊపిరితిత్తులూ మచ్చలు కట్టి గట్టిపడిపోతున్నాయి.

ఆ జబ్బుకు మా దగ్గర ఒక కొత్త మందును పరీక్షిస్తున్నారు. సగం మందికి మందు, సగం మందికి అచ్చం అలాగే ఉండే ఉత్త మాత్ర. ఎవరికి ఏది వచ్చిందో డాక్టరుకూ తెలియదు, నాకూ తెలియదు. గొట్టంలో ఊదమంటే ప్రేమలీలక్క నెగ్గింది. కామాక్షమ్మ ఊపిరి మరీ తక్కువగా ఉందని తీసుకోలేదు. ఆ రోజు ఇద్దరూ కలిసే తిరుగు రైలెక్కారు.

మిగిలిన మాత్రలు లెక్కపెట్టడం, ఒంట్లో ఎలా ఉందో అడిగి రాసుకోవడం నా పని. మూడు నెలలు ఆమె లెక్క ఒక్కటీ తప్పలేదు. రోజుకు రెండంటే రెండే. వచ్చినప్పుడల్లా సంచీలో నిమ్మకాయలు తెచ్చేది. ఆమెను చూసి నేర్చుకోండని మిగతావాళ్లకు చెప్పేదాన్ని, నా బుద్ధి తగలెయ్య. నాలుగోసారి వచ్చినప్పుడు అలవాటుగా అడిగాను. ఆ మందు పడితే మొదట కనిపించేది విరేచనాలే.

"విరేచనాలేమన్నా అయినాయా అక్కా?"

"నాకు కాలేదు డెబోరమ్మా. కామాక్షికే, వారం నుంచి పట్టుకున్నాయి."

నా పెన్ను ఆగిపోయింది. "ఆమెకెందుకు అవుతాయి?"

ఇది కూడా తెలియదా అన్నట్టు చూసింది. "పొద్దున్నది నేను, రేత్రిది అది. దాన్ని ఎదురుగా పెట్టుకోని నేనొక్కదాన్నే ఎట్టా మింగేది?"

రాయకుండా వదిలేద్దామా అనిపించింది. రాస్తే ఈమెను తీసేస్తారు. రాయకపోతే, రేపు కామాక్షమ్మకు ఏదైనా అయితే కారణం ఎవరికీ తెలియదు. రాసేశాను.

డాక్టరుగారు బయట బల్ల మీద ఒగరుస్తున్న కామాక్షమ్మను పిలిపించి రక్తపరీక్షలు చేయించారు. ప్రేమలీలక్కకు మాత్రలు ఆపేశారు. "ఇంక రెండూ నేనే మింగుతా సార్" అని ఆమె ఎన్నిసార్లు బతిమాలినా ఆయన ఒప్పుకోలేదు.

"నా వల్ల నీ నోటికాడి కూడు పోయింది" అని కామాక్షమ్మ ఏడ్చింది.

"ఊరుకో. ఏడిస్తే ఒగర్పు ఎక్కువైతాది" అంది ప్రేమలీలక్క. నిమ్మకాయలు నా బల్ల మీద పోసి మెల్లగా అడిగింది. "నాకిచ్చింది మందా, ఉత్తదా? ఉత్తదైతే నాకు దిగులుండదు."

"ఉత్తదే అయ్యుంటుందిలే అక్కా" అన్నాను.

ఆమె మొహం తేటపడింది. సంచీ దులిపి మడుచుకుంది.

"మరి నాకెందుకు పట్టుకున్నాయి తల్లీ?" అంది వెనక నుంచి కామాక్షమ్మ.

ప్రేమలీలక్క నా మొహంలోకి చూసింది. నేను తల వంచుకుని నిమ్మకాయలు లెక్కపెట్టాను.