మైసమ్మ ఇచ్చిన గేర్‌బాక్సు

నాకు ముక్కు మీదే కోపం. ఇంకొకడి లారీ తోలినన్నాళ్లూ ఆ కోపాన్ని దిగమింగుకుని బతికాను. చివరికి నా వాటాకు వచ్చిన చెలక అమ్మి, యుద్ధం తర్వాత మిలిటరీ వాళ్లు వదిలించుకున్న అమెరికా లారీల్లో ఒకదాన్ని కొన్నాను. ఇక ఎవడి చేతా ‘ఏరా’ అనిపించుకోను, అంతే నా ఆశ. కొత్తకోటలో మా ఇంటి ముందు దాన్ని నిలిపిన రోజు మా ఆవిడ హారతిచ్చింది, నేను మీసం తిప్పాను.

అమ్రాబాద్ అడవుల నుంచి వెదురు దింపడం నా పని. కొన్నాళ్లు బాగానే సాగింది. ఒక ఎండాకాలం లోడుతో వస్తుంటే గేర్‌బాక్సులో బేరింగు పట్టేసి, పెట్టె నిలువునా పగిలింది. పళ్లచక్రాలకు ఏమీ కాలేదు, వాటిని మోసే బీడు ఇనుప పెట్టే పోయింది. వెల్డింగు పెట్టించాను. బీడుకు అతుకు నిలిస్తేగా! ఊరు దాటకముందే ఊడింది. అలాంటిది కొత్తది ఎక్కడా అమ్మరు, పాత ఇనుములో ఏరుకోవలసిందే.

మా మేస్త్రికి పని కన్నా నోరు పెద్దది. పగిలిన పెట్టె పక్కన, మూత బిగించే కంత ఒకటుంది. మేస్త్రి దాని మీద దళసరి అట్ట పరిచి, అంచుల వెంట సుత్తితో కొట్టి, కంతా దాని చుట్టూ ఉన్న బోల్టు తొర్రలూ అచ్చు దిగేలా కత్తిరించి నా చేతిలో పెట్టాడు.

“గీ అట్ట దగ్గర వెట్టుకో తమ్మీ. మీద పోతవోసిన అంకెలు జూసి మోసపోకు. ఒక్కతీరు కనవడే పెట్టెలు సవాలక్ష ఉంటయి. తొర్రలన్నీ కలిస్తేనే తే. లేకుంటే నాకు నీ మొకం సూపియ్యకు.”

ఆ అట్ట పట్టుకుని జడ్చర్ల, మహబూబ్‌నగర్, అటు కట్టంగూర్ దాకా తిరిగాను. తుక్కు కుప్పలన్నీ కెలికాను. ప్రతివాడూ “గిదే నీది, కండ్లు మూసుకొని తీస్కపో” అనేవాడే. అట్ట ఆనిస్తే ఒక తొర్ర వేలెడు అవతల ఉండేది. ఒకచోట ఒళ్లు మండి ఆ పెట్టెను కాలితో తన్నాను. నా బొటనవేలు గోరు ఊడింది, దానికేం కాలేదు. తుక్కు వ్యాపారి ఒకడు మా ఇంటికే వచ్చి లారీని చుట్టూ తిరిగి చూశాడు. సంతనాడు బండ్లు తెచ్చి విప్పుకుపోతానన్నాడు. చూద్దామని పంపేశాను. వాడు వెళ్లాక మా ఆవిడ అడిగింది: “మల్ల ఎవని లారీ తోల్తవు?”

ఆ మాటకు నాకు అన్నం సహించలేదు. మన్ననూరు ఘాటు లోయల్లో ఏ లారీ అయినా పడి ఉండకపోతుందా అని, తెలిసిన డ్రైవరు లారీ ఎక్కి బయలుదేరాను.

ఘాటులో పెద్ద మలుపు దగ్గర రోడ్డు పక్కన మైసమ్మ తల్లి ఉంది, పసుపు మెత్తి వెండి కళ్లు పెట్టిన రాయి. లారీవాడెవడైనా సరే అక్కడ ఆగి కొబ్బరికాయ కొట్టనిదే ముందుకు పోడు. ఒక చిప్ప అమ్మకు, ఒక చిప్ప డ్రైవరుకు. అమ్మకు పెట్టిన చిప్ప, ఆమెను కడిగి పసుపు పూసే చెంచు అవ్వకు. పాపం, ఆ అవ్వకు అదే ఆధారం. నేనూ ఎన్నో కాయలు కొట్టాను. ఆ రోజు సాష్టాంగపడ్డాను. “తల్లీ, నా లారీని నిలబెట్టు” అని ఏడ్చినంత పనిచేసి, బొట్టు పెట్టుకుందామని అమ్మ ముఖం పక్కన వేలు అద్దాను. మెత్తటి పసుపులోంచి వేలు లోపలికి దిగింది. లోపల బోల్టు బిగించే మర తగిలింది.

రాతికి మరలుంటాయా? ఇంకొంచెం పక్కన నొక్కాను, ఇంకో తొర్ర. చొక్కాలోంచి అట్ట తీసి అమ్మ ముఖం చుట్టూ ఆనించాను. కంతలో కూరిన మట్టి, ఆ మట్టికి అతికించిన వెండి కళ్లు అట్ట మధ్యలోంచి నన్నే చూస్తున్నాయి. చుట్టూ తొర్రకు తొర్ర సరిగ్గా కూర్చుంది. ఇన్నాళ్లూ నేను మొక్కింది నా లారీకి సరిపోయే గేర్‌బాక్సు పెట్టెకే!

“ఏం బిడ్డా, అమ్మకు పటం గట్టిస్తవా?” అంది వెనక నుంచి అవ్వ.

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. పెట్టె పగలడం, తుక్కువాడు రావడం, మా ఆవిడ అడిగిన మాట అన్నీ చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. కొట్టినా పడేవాణ్ని.

“ఇనుమని నాకు తెల్వదా? బోల్తవడ్డ లారీని కంట్రాక్టరు విప్పుకపోంగ మిగిలితే, మా ముసలోడు, నేను దొర్లించుకొచ్చి పెట్టినం. లారీలను జూసుకునేటందుకు లారీ తల్లే ఉండాలె గద! తీస్కపో.”

“మరి నీ బతుకో అవ్వా? అమ్మ లేకపోతే ఇక్కడ ఎవరాగుతారు?”

“అమ్మ ఏడికి వోతది? నీ పలిగిన డొక్కు తెచ్చియ్యి. గదే కండ్లు దానికి వెడ్త. పలిగినదానికి అమ్మ రాదా ఏంది?”

నేను బావురుమన్నాను. రోడ్డు మీద, ఆగిన లారీలవాళ్లందరి ముందు, మీసాలున్న మగాణ్ని.

సంతకు ముందే మా పగిలిన పెట్టె ఘాటుకు చేరింది. మా ఆవిడే దాన్ని చింతపండుతో తోమి పంపింది. అవ్వ దానికి పసుపు పూసి కళ్లు పెట్టింది, అమ్మ దిగిన పెట్టెను నాకు అప్పగించింది. మేస్త్రి దాన్ని బిగించేముందు తన బీడీ అవతల పారేసి చేతులు కడుక్కున్నాడు. ఆయన అలా చేతులు కడుక్కోవడం నేనదే మొదటిసారి చూడటం.

మొదటి ట్రిప్పుకు అవ్వను ఘాటు కింద ఎక్కించుకున్నాను. లారీల మధ్యే బతికిన మనిషి, లారీ ఎక్కడం అదే మొదలు.

“అమ్మ ఏడ గూసున్నది?”

చూపించాను, మా కాళ్ల కింద, నేలపలక అడుగున. అవ్వ గబుక్కున కాళ్లు పైకి తీసుకుని సీటు మీద బాసింపట్టు వేసుకుంది. నేను సిగ్గుపడి చెప్పులు విడిచేశాను. చెప్పులు విడిచినా పాదాలు పెట్టాల్సింది అక్కడే. ఎత్తు మొదలైంది, గేరు మార్చాలి. నా కాలు క్లచ్చు మీదికి పోలేదు. అవ్వ నా పాదాల వంక చూసింది, తర్వాత నా ముఖం వంక.

“తొక్కు బిడ్డా. కన్నతల్లిని కడుపుల ఉన్నప్పుడు తన్నలేదా? ఏమనదు, తొక్కు.”

కళ్లు మసకబారి ముందున్న రోడ్డు కనిపించలేదు. మోచేత్తో తుడుచుకుని తొక్కాను. గేరు పడింది. లారీ ఎక్కింది.