బరువు తగ్గడానికి మోసిన రాళ్లు

నాకు షుగరు ఉందని తేలిన రోజు డాక్టరు మందుల చీటీ రాయకముందే, "పొద్దున్నే నడవండమ్మా" అన్నాడు. నేను ఆదోనిలో ఉంటాను. ఎమ్మిగనూరులో ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఇంటి నుంచి బస్టాండు దాకా రోజూ నడుస్తూనే ఉన్నాను కదా అంటే, "అది నడక కాదమ్మా, ఆటో దొరకకపోవడం" అన్నాడు.

అలా చీర మీదికి బూట్లు వేసుకుని, తెల్లవారుజామునే గ్రౌండుకు పోవడం మొదలుపెట్టాను. జిన్నింగ్ మిల్లులో పనిచేసే మా ఆయన మొదటిరోజు నన్ను ఎగాదిగా చూసి, "ఇన్స్పెక్షన్‌కు పోతున్నావా?" అని మాత్రం అడిగాడు.

గ్రౌండులో ముగ్గురు పరిచయమయ్యారు. ఒకాయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఉద్యోగం పోయి ఆరేళ్లయినా మెడలో విజిలు పోలేదు. ఇంకొకాయన మార్కెట్ దగ్గర బట్టలు కుట్టే భాయి. మిషను ముందు కూర్చుని కూర్చుని ఆయన మోకాళ్లు పట్టేసుకున్నాయి. చిన్నప్పుడు ఆ డ్రిల్లు సారు దగ్గరే చదువుకున్నాడు కాబట్టి, ఇప్పటికీ విజిలు వినబడితే చేతులు రెండూ వాటంతటవే కిందికి దిగుతాయి. మూడో ఆవిడ ధాన్యం వ్యాపారం చేసే శెట్టిగారి భార్య. వయసులో నాకంటే పెద్దది కాబట్టి అక్కా అనేదాన్ని. ఆవిడ ఇంట్లో మంచినీళ్ల గ్లాసు కూడా ఇంకొకరే అందించాలి.

ఒక నెల గ్రౌండు చుట్టూ తిరిగాం. ఒకరోజు సారు మధ్యలో ఆగి విజిలు ఊదాడు.

"గానుగెద్దుల మాదిరి తిరుగుతాండాము. గానుగెద్దు తిరిగితే నూనెన్నా వస్తాది. మనం తిరిగితే ఏమొస్తాది?"

"చెమట సార్" అన్నాడు భాయి.

"ఆ చెమట ఎవరికన్నా పనికొస్తే బాగుంటాది గదా? ఊర్లో చేసే దిక్కులేని పనులు ఎన్ని లేవు! రోజుకు ఒక గంట అవి చేద్దాం. మన ఒళ్లూ కరుగుతాది, వాళ్ల పనీ జరుగుతాది."

భాయి వెంటనే తన ఖాలా సంగతి చెప్పాడు. ఆయన పిన్నమ్మ, డెబ్భై దాటిన మనిషి, కొండవాలులో మెట్లు మెట్లుగా ఎక్కే ఒక సందులో ఒంటరిగా ఉంటుంది. మంచినీళ్ల ప్లాంటు సందు కింద, ఆమె ఇల్లు సందు పైన. క్యాను మోసేవాళ్లు లేక చెంబుతో తెచ్చుకుంటోంది.

మరుసటి రోజు నుంచి మేము నలుగురం ఆ మెట్లు ఎక్కాం. సారు వెనక నుంచి "ఒకట్... రెండ్..." అని లెక్క పెట్టేవాడు. మెట్టుకు ఒక అంకె. శెట్టమ్మక్క జీవితంలో మొదటిసారి నీళ్ల బిందె చంకనెత్తుకుంది. మూడో రోజు ఆవిడ ఇంట్లో పనిచేసే మనిషి అదే సందులోంచి దిగుతూ ఎదురైంది. బిందెను చూసింది, అమ్మను చూసింది, మళ్లీ బిందెను చూసింది.

"ఏమ్మా, నా మీద కోపమా? ఇంకొక ఇంట్లో పనికి కుదిరినారా?" అంది, కళ్లనీళ్లు పెట్టుకుని.

ఆమెను సముదాయించేసరికి ఆ రోజు గంట అయిపోయింది.

ఖాలా ఒక్కతికే చేసి ఊరుకుంటే బాగుండేది. నీళ్లు మోసేవాళ్లు వచ్చారని సందంతా తెలిసింది. ఒకరి మంచం కోళ్లు బిగించాం, ఒకరి మిద్దె మీద పెరిగిన పిచ్చిమొక్కలు పీకాం, బాలింత ఉన్న ఇంట్లో బియ్యం మూటలు అటకెక్కించాం. ఇంటికొచ్చి ఈ సంగతులు చెబితే మా ఆయన, "మన ఇంట్లో గ్యాసు సిలిండరు జరపమంటే నడుము నొప్పి అన్నావు నిన్న" అన్నాడు. అది వేరే సంగతి అన్నాను.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ సందులో ఏ ఇల్లూ మమ్మల్ని ఉత్త కడుపుతో పంపలేదు. నానబెట్టిన బొరుగులతో పచ్చని ఉగ్గాని చేసి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టేవాళ్లు. వద్దంటే నొచ్చుకునేవాళ్లు. ఖాలా అయితే వాకిలికి అడ్డంగా నిలబడేది.

"నా నీళ్లు మోసి, నా ఇంట్లో తినకుంటే ఎట్ల బేటా? నేనేమన్నా పరాయిదాన్నా?"

రెండు నెలల తర్వాత డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన నన్ను తూకం మీద నిలబెట్టాడు. దిగమన్నాడు. మళ్లీ ఎక్కమన్నాడు.

"మూడు కిలోలు పెరిగారు. ఏం వ్యాయామం చేస్తున్నారమ్మా?"

చెప్పాను. ఉగ్గాని సంగతి కూడా చెప్పాను. బజ్జీల సంగతి ఆయనే కనుక్కున్నాడు.

మరునాడు ఆ ముక్క మిగతా ముగ్గురికీ చెప్పాను. అందరి ప్యాంట్లూ జాకెట్లూ బిగుతయ్యాయని బట్టలు కుట్టే భాయికి అప్పటికే తెలుసు, మర్యాద కోసం అనలేదంతే.

"తప్పు తిండిది గాదు. మనం చేసే పనిలో బరువు చాల్లేదు. బరువైన పని వెతకాల" అన్నాడు డ్రిల్లు సారు.

ఆ బరువైన పని తనంతట తానే వచ్చింది. శ్రావణమాసం. నాలుగు వానలు పడ్డాయి. సందు కింద అంగన్‌వాడీ ఉంది. దాని ముందు దారిలో పెద్ద గుంత. వానకు అది నిండి, పిల్లలు బురదలో జారి పడుతున్నారు. అంగన్‌వాడీ ఆయా మమ్మల్ని ఆపి చెప్పింది.

"అందరికీ చేస్తాండారంట గదా సార్. ఈ గుంత పూడ్చి పుణ్యం కట్టుకోండి. నిన్న ఒక్కదినమే ముగ్గురు పిల్లోల్లకు బట్టలు మార్చినా."

గుంతలో వేయడానికి రాళ్లు కావాలి. ఖాలా తన వాకిట్లో కూర్చుని గడ్డం ఎత్తి చూపించింది. "ఆ మూల కుప్ప పడింది సూడు బేటా, అది ఎత్తుకపోండి. పీడా పోతాది."

మూల దగ్గరికి పోయి చూస్తే రెండు కుప్పలున్నాయి. ఒకటి, కాలువ తవ్వినప్పుడు పైకి తీసి వదిలేసిన మట్టి, పెంకులు, కంకర. రెండోది, చక్కగా చెక్కిన రాళ్లు, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఖాలా చెప్పింది మొదటి కుప్ప అని చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. సారు మొదటి కుప్పను కాలితో తన్ని చూశాడు. రెండో కుప్పలోంచి ఒక రాయి ఎత్తి చూశాడు. ముఖం వెలిగింది.

"దీంట్లో ఉంది బరువు! భుజాలకు, నడుముకు, తొడలకు, అన్నిటికీ ఒక్క రాయే చాలు."

భాయి సందేహించాడు. "సార్, ఇవి ఎవరివో మాదిరి ఉండాయి. సున్నంతో గుర్తు పెట్టినారు సూడండి."

"రాళ్లకు పేర్లు రాసుంటాయా? అది సర్వేవాళ్లు పెట్టిన గుర్తు. ఎత్తు."

విజిలు మోగింది. భాయి ఎత్తాడు. నేనూ ఎత్తాను. నాకూ అనుమానం వచ్చిన మాట నిజం. కానీ మూడు కిలోలు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

మూడు పొద్దులు మోశాం. గుంత నిండింది. పైన మట్టి పోసి, శెట్టమ్మక్క దిమ్మిసతో కొట్టి మరీ చదును చేసింది. ఆయా టెంకాయ కొట్టింది. పిల్లలు చప్పట్లు కొడుతూ ఆ దారి మీద అటూ ఇటూ నడిచారు. నేను టీచరుగా ఇరవై ఏళ్లలో అన్ని చప్పట్లు వినలేదు.

నాలుగో రోజు మేము అక్కడే నిలబడి మా పనిని మేమే చూసుకుంటుండగా, కింద నుంచి ఒకాయన వచ్చాడు. కొత్తగా కొట్టించిన గుండు, నుదుట గంధం, భుజాన సంచి. ఖాలా ఇంటి ఎదురింటాయన. రిటైరైన బస్సు డ్రైవరు. కుటుంబంతో ఉరుకుంద ఈరన్నస్వామి దగ్గరికి పోయి, అక్కడే నాలుగు రోజులుండి వస్తున్నాడు. గుంత ఉండిన చోట ఆగి, కాలితో నొక్కి చూశాడు.

"ఎవరప్పా ఇంత మంచి పని చేసినోల్లు? నేను ఎన్నిసార్లు అర్జీ ఇచ్చినా గాలేదు ఇది!"

సారు ఛాతీ విరిచి, "మేమే" అన్నాడు.

"మీ కడుపు సల్లగుండ!" అని ఆయన సంచి విప్పి, మా నలుగురి చేతుల్లో ప్రసాదం పెట్టి, ఆ దారి మీదే నడుచుకుంటూ పైకి పోయాడు. మేము ప్రసాదం నోట్లో వేసుకున్నాం. అది మింగేలోపే పైనుంచి కేక వినబడింది.

"నా రాళ్లు యాడికి పోయినాయి?"

ప్రహరీ గోడ కోసం ఆయన తెప్పించుకున్న రాళ్లవి. సున్నం గుర్తు ఆయన స్వయంగా పెట్టుకున్నది. భాయి సారు వంక చూశాడు. సారు ఆకాశం వంక చూశాడు.

డ్రైవరు గారి కోపం నేను రాయలేను. "గుంత పూడ్చినారు సరే, నా కొంప గూల్చినారు గదప్పా!" అన్నది అందులో మెత్తని మాట. తిరిగి తవ్వి తెచ్చిస్తామని ఒప్పుకున్నాం. మరునాడు గడ్డపారతో పోతే, ఆయా, ఆమె వెనక పదిమంది తల్లులు, ఆ దారి మీద బైఠాయించి ఉన్నారు.

"ఒక్క రాయి కదిలిచ్చినారంటే సూడండి" అంది ఆయా. మొన్న టెంకాయ కొట్టిన మనిషే.

ఇటు డ్రైవరు, అటు ఆయా. దారి చూపింది మళ్లీ భాయే. ఆయన బామ్మర్ది రెండు వీధుల కింద పాత ఇల్లు పడగొడుతున్నాడు. "రాళ్లు ఊరికే ఇస్తాడు సార్. మనం మోసుకపోతే చాలు."

రెండు వీధులు, ఆపైన మెట్లు. మొదలుపెట్టాం. డ్రైవరు గారు వాకిట్లో కుర్చీ వేసుకుని, వచ్చిన ప్రతి రాయినీ పరీక్ష చేసేవాడు.

"దీనికి మూల లేదు. వాపసు."

"నున్నగా ఉండాది గదన్నా" అని నేను బతిమాలితే, "టీచరమ్మా, తప్పు రాసిన పిల్లోనికి నున్నగా ఉండాడని మార్కులేస్తారా?" అన్నాడు. ఆ రాయిని మళ్లీ కిందికి మోశాను.

మూడో రోజు బస్సులో సీటు దొరికింది. కళ్లు మూసుకున్నంత వరకే గుర్తుంది. తెరిచేసరికి గోనెగండ్ల. ఎమ్మిగనూరు ఎప్పుడో దాటిపోయింది. హెడ్‌మాస్టరుకు ఫోను చేశాను.

"గోనెగండ్లలో ఉన్నాను సార్."

"ఆడ డ్యూటీ ఎవరేసినారమ్మా?"

రాళ్లు మోసి నిద్రపోయానని నిజమే చెప్పాను. ఆయన నమ్మలేదు. ఆరోగ్యం జాగ్రత్త అని మాత్రం అన్నాడు, అదోలాంటి గొంతుతో.

ఆరో రోజు భాయి మెట్ల మధ్యలో రాయితో సహా కూలబడ్డాడు. నడుము పట్టేసింది. అందరికంటే ముందు కుర్చీలోంచి లేచి పరుగెత్తింది డ్రైవరు గారే. రాయిని పక్కకు తీసి, భాయిని చంకల కింద పట్టి లేపి, అరుగు మీద పడుకోబెట్టాడు. తర్వాత మా వైపు తిరిగాడు.

"ఆరు దినాల నుంచి సూస్తాండా. ఒక్కొక్కరు ఒక్కో రాయి పట్టుకుని కింద నుంచి పైదాకా ఎక్కుతాండారు. బుద్ధున్నోల్లు చేసే పనేనా? వరసగా నిలబడి చేతులు మారిస్తే పోదా?"

"అట్ల చేస్తే వ్యాయామం తగ్గిపోతాది" అన్నాడు డ్రిల్లు సారు.

"ప్రాణం మిగుల్తాది" అన్నాడు డ్రైవరు.

ఆ మాటతో సందు కదిలింది. ఆయా వచ్చి ఒక మెట్టు మీద నిలబడింది. తల్లులు వచ్చారు. శెట్టిగారు భార్యను పిలుచుకుపోవడానికి స్కూటరు మీద వచ్చి, ఎవరో చేతిలో రాయి పెడితే ఎవరికివ్వాలో తెలియక వరసలో కలిసిపోయాడు. కింద మా సారు, పైన గుండుతో డ్రైవరు. రాళ్లు చేతులు మారుతూ ఎక్కాయి. ఐదు పొద్దుల పని ఆ ఒక్క పొద్దులో అయిపోయింది. ఆ రోజు డ్రైవరు గారు ఏ రాయికీ మూలలు చూడలేదు.

చివరి రాయి పైకి చేరాక సారు మెట్లన్నీ ఎక్కి వచ్చాడు. విజిలు తీసి జేబులో వేసుకోవడం నేను అప్పుడే చూశాను. అరుగు మీద పడుకున్న భాయి దగ్గర నిలబడి, అందరూ వినేలా అన్నాడు.

"తప్పు నాది. ఈయప్ప ముందే చెప్పినాడు. నేను ఇనలేదు."

భాయి కంగారుపడి లేవబోయాడు. సారు చెయ్యి అడ్డం పెట్టి పడుకోబెట్టాడు. ముప్పై అయిదేళ్ల కిందట తనను ఎండలో నిలబెట్టిన మాస్టారు తన ముందు తలవంచుకుని నిలబడితే భాయి పడుకునే చేతులు రెండూ ఒంటికి ఆనించుకున్నాడు. "పర్వాలేదు సార్, పర్వాలేదు సార్" అంటూ ఉండిపోయాడు. డ్రైవరు గారు ముఖం పక్కకు తిప్పుకుని, ఇంట్లోకి కేకేసి అందరికీ టీ చెప్పాడు. చక్కెర లేకుండా నాకొకటి ప్రత్యేకంగా.

గోడ లేచింది. అక్కడక్కడ కొంచెం వంకర ఉంది. కొత్త రాళ్లయితే ఇట్లుండేది కాదని డ్రైవరు గారు ఇప్పటికీ అంటాడు. అయినా పొద్దున్నే ఆరింటికి మాకంటే ముందే గ్రౌండుకు వచ్చి నిలబడతాడు. భాయి నడుము పదిహేను రోజులకు సర్దుకుంది. మోకాళ్లు మాత్రం నిజంగానే బాగుపడ్డాయి. నా షుగరు కొంచెం దిగింది. బరువు ఎక్కడిదక్కడే ఉంది.

మారింది డ్రిల్లు సారు. ఇప్పుడు ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు చుట్టుపక్కల మూడిళ్ల తలుపులు కొట్టి అడిగి వస్తాడు. పోయిన వారం ఒక బడి ముందు ముళ్లకంప కొట్టడానికి పోయాం. ఊరంతా ఏళ్లుగా తిట్టుకుంటున్న కంప అది. సారు కొడవలి చేతిలో పట్టుకుని, ఒక్కో వాకిలి ముందు నిలబడి, "ఏమ్మా, ఈ కంప మీదేమన్నానా?" అని అడుగుతుంటే, డ్రైవరు గారితో కలిపి మేము నలుగురం గోడ నీడన కూర్చుని, ఆయన వచ్చేదాకా ఎదురుచూశాం.