ఏడు టేపుల్లో చెదిరిన స్కాన్

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక స్కానింగ్ సెంటర్‌లో కంప్యూటర్లు చూసుకునేవాణ్ని. పాత స్కాన్లన్నీ క్యాసెట్ లాంటి కంప్యూటర్ టేపుల్లో దాచేవాళ్లం. ఒక్క టేపు విప్పితే తుర్కయంజాల్ దాకా పరవొచ్చని అందరికీ చెప్పేవాణ్ని. అందులో చాలావరకు నా కల్పనే. టేపులు ఆదా చేయాలని మా ఓనరు వాటిలో వేలెడు జాగా కూడా వదలనిచ్చేవాడు కాదు. ఒక్కొక్కరి స్కాన్‌ను ముక్కలు చేసి, ఏ టేపు చివర ఖాళీ ఉంటే అక్కడ కుక్కించేవాడు.

ఒక మధ్యాహ్నం యాదమ్మ అనే ఆమె పరుగున వచ్చింది. ఎల్బీనగర్‌లో భర్తకు ఆ సాయంత్రమే తల ఆపరేషన్. పాత స్కాన్‌తో పోల్చి చూడందే కత్తి పెట్టనని డాక్టరు అన్నాడట. ఇంట్లో ఉన్న కాపీ వానకు తడిసి పాడైందట.

"ఎంతసేపైతది అన్నా?"

"ఏడు టేపులు మార్చాలె అక్కా, ఒక్కోటి చివరిదాకా తిప్పి ఎతకాలె. ఐదు గంటలు పడతది."

ఓనరు పకపకా నవ్వాడు. "గీయన మాటలు నమ్మకమ్మా, అన్ని కోతలే. చాయ్ తాగేలోపు ఒస్తది."

జన్మకోసారి నిజం చెబితే అదీ కోతేనట! ఒళ్లు మండిపోయింది.

"అయితే నువ్వే కూసొని తియ్యి సార్!" అని అరుస్తూనే మొదటి టేపు పెట్టాను.

స్కాన్ చేతికొచ్చేసరికి చీకటి పడింది. ఆపరేషన్ మర్నాటికి వాయిదా పడింది. యాదమ్మ భర్త బతికాడు గాని, ఆ రాత్రి పడిపోయిన కుడిచెయ్యి మళ్లీ లేవలేదు.

"దొరికింది కద, ఇంక లొల్లెందుకు?" అన్నాడు ఓనరు, నేను నిలదీస్తే. తాళాలు బల్ల మీద విసిరేసి వచ్చేశాను.

ఇప్పుడు పనిచేసే చోట ఒకరి స్కాన్ ఒకే టేపులో వరుసగా పెడతాను, సగం టేపు ఖాళీగా మిగిలినా సరే. దండగ అన్నవాళ్లతో రోజూ గొడవే. ఆ ఐదు గంటలూ బెంచీ మీద కూర్చున్న యాదమ్మ పల్లెత్తు మాట అనలేదు. ఆమె తిట్టని తిట్లన్నీ నేనే తిడుతున్నాను.